గుడి పండగలో పులి వేషానికి పోలీసు అనుమతి: బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో మా వీధి అమ్మవారి ఉత్సవ కమిటీలో కాగితాల పని ఏళ్ల తరబడి నా నెత్తినే ఉంది. చందాలు పోగు చేసేవాళ్లు, పందిరి వేసేవాళ్లు, ప్రసాదం వండేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. స్టేషన్‌కి వెళ్లమంటే మాత్రం అందరికీ ఆ రోజే పని పడుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కమిటీల వాళ్లు కూడా నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు. నేను వకీలును కాను. తిరిగి తిరిగి తెలుసుకున్నదీ, చట్టంలో ఉన్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

గుడి మనది, పూజ మనది. మధ్యలో పోలీసుల అనుమతి ఎందుకు?

పూజకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అభిషేకం, కుంకుమార్చన, ప్రాకారం లోపల మైకు లేకుండా చేసుకునే భజన, వీటి జోలికి పోలీసులు రారు. వాళ్లకు లెక్క మూడింటితోనే: రోడ్డు, మైకు, జనం. ఘటం వీధిలోకి వచ్చిందంటే రోడ్డు వచ్చింది. హరికథకు హారన్ కట్టారంటే మైకు వచ్చింది. తప్పెటగుళ్ల బృందం వస్తోందని పక్క ఊళ్లకు తెలిసిందంటే జనం వచ్చారు. మత స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం 25వ అధికరణమే అది ప్రజాశాంతికీ, నైతికతకూ, ఆరోగ్యానికీ లోబడి ఉంటుందని చెప్పింది. ఇరుగుపొరుగు ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో చెన్నైలోని ఒక చర్చి కేసులో అంది. ఆ మాట మన గుడి మైకుకూ చెల్లుతుంది.

దీనికి ఆధారం ఏ చట్టం?

పాతదే, 1861 నాటి పోలీసు చట్టం. దాని 30వ సెక్షన్ ప్రకారం జిల్లా పోలీసు అధికారి ఊరేగింపు ఏ దారిన, ఎన్ని గంటలకు వెళ్లాలో చెప్పవచ్చు. అదుపు తప్పితే గొడవ జరుగుతుందనుకుంటే లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వవచ్చు. పండగల్లో వీధి మీద వాద్యాలు ఎంతవరకు మోగాలో కూడా ఆయనే చెప్పవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. మన డప్పులు తెల్లదొరలకు అప్పుడే వినిపించినట్టున్నాయి!

ఆ లైసెన్సుకు రుసుము వసూలు చేయకూడదని కూడా అక్కడే రాసి ఉంది. మైకుకు, పందిరికి, కరెంటుకు వేరే కట్టాల్సినవి ఉండవచ్చు, వాటికి రసీదు వస్తుంది. రసీదు లేనిది ఎవరైనా అడిగితే ఈ సెక్షన్ గుర్తుపెట్టుకోండి.

ఈ చట్టం కింద షరతు మీరితే పడే జరిమానా 200 రూపాయలకు మించదు. అది చూసి మా కమిటీలో ఒకాయన ‘రెండొందలే కదా, పడేద్దాం’ అన్నాడు. అంత తేలిక కాదు. అధికారి ఉత్తర్వును ధిక్కరించడం, దారికి అడ్డం కట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) కింద వేరే నేరాలు. ఆ సమయంలో నాగరిక సురక్షా సంహిత 163 కింద, అంటే మనం ఇంకా 144 అనే పిలిచే ఆ ఉత్తర్వు అమల్లో ఉంటే, కేసు ఇంకా బరువవుతుంది.

ఎవరికి దరఖాస్తు పెట్టాలి?

మొదట మీ స్టేషన్ ఐఐసీకి. ఆంధ్రాలో సీఐ, ఎస్‌ఐ అని అలవాటైన వాళ్లకు ఈ పేరు కొత్తగా ఉంటుంది. ఒడిశాలో స్టేషన్ బాధ్యుడు ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జి, పొట్టిగా ఐఐసీ. పైన ఎస్‌డీపీఓ (సబ్‌డివిజన్ పోలీసు అధికారి), ఆ పైన ఎస్పీ. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గంజాం రెవెన్యూ జిల్లా ఒకటే గానీ పోలీసు జిల్లాలు రెండు. ఒకదానికి ఛత్రపురంలో ఎస్పీ, ఇంకోదానికి బరంపురంలో ఎస్పీ. ఊరి శివార్లలో గుడి ఉన్నవాళ్లు ముందు తాము ఎవరి కిందికి వస్తారో కనుక్కోండి. గజపతి జిల్లాకు పర్లాకిమిడిలో, రాయగడ జిల్లాకు రాయగడలో ఎస్పీ ఉంటారు.

ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఊరేగింపుకు, ప్రదర్శనకు వేర్వేరుగా అర్జీ పెట్టే సదుపాయం ఉంది. పెట్టండి, నంబరు వస్తుంది. అయినా కాగితం పట్టుకుని ఒకసారి మనిషి వెళ్లాలి. వీధిలో పందిరికి మున్సిపాలిటీని, తాత్కాలిక కరెంటుకు టీపీ సదరన్ ఒడిశా వాళ్లను, జనం ఎక్కువైతే అగ్నిమాపక శాఖను కలవాలి. ఒకరి కాగితం నకలు ఇంకొకరి దరఖాస్తుకు జత చేస్తే పని త్వరగా అవుతుంది.

తెలుగులో రాసి ఇవ్వొచ్చా?

ఇస్తే తీసుకున్నా చదివేవాళ్లు ఉండాలి కదా. ఒడియాలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఇవ్వండి. మొదటి ఏడాది నేను పట్టుదలకు పోయి తెలుగులో రాసిచ్చాను. మూడు రోజుల తర్వాత వెళ్తే ఆ కాగితం టేబుల్ మీద టీ గ్లాసు కింద కనిపించింది. మా వీధిలో ఒడియా మీడియం చదివిన పిల్లాణ్ణి కూర్చోబెట్టి తిరగరాయించాను. ఇప్పుడు మా ఇళ్లలో సగంమంది పిల్లలకు ఒడియా రాయడమే వచ్చు, తెలుగు మాట్లాడటం వరకే. దరఖాస్తులకు అది కలిసొచ్చింది, మిగతా సంగతి వేరు.

దరఖాస్తులో ఏం రాయాలి?

ఎక్కువ దరఖాస్తులు చెడేది ఇక్కడే. చాలామంది ‘ఉత్సవం సందర్భంగా సాంస్కృతిక కార్యక్రమాలు’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడతారు. చదివే అధికారి సంబల్‌పూర్ నుంచో బాలేశ్వర్ నుంచో వచ్చినవాడు కావచ్చు. ఆ ముక్క చూడగానే ఆయన కళ్లముందు మెదిలేది డీజే పెట్టెలు, రికార్డింగ్ డాన్స్, తాగిన కుర్రాళ్లు. మీ మనసులో ఉన్న బుర్రకథ ఆయనకు ఎలా తెలుస్తుంది?

అందుకని కళను పేరు పెట్టి రాయండి, కింద రెండు వాక్యాల్లో అదేమిటో చెప్పండి. తప్పెటగుళ్లు అంటే: శ్రీకాకుళం, విజయనగరం వైపు యాదవులు ఆడే భక్తి నృత్యం, రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో రామాయణం, కృష్ణలీలలు పాడతారు, ఆడేవాళ్లంతా మగవాళ్లే, మైకు ఒక్కటి చాలు. ఒకసారి ఇలా రాసి, పక్కన ఫోటో ఒకటి అంటించి ఇచ్చాను. ఆ అధికారి చూసి, ‘ఇది మా ఘంటా పాటువా లాంటిదన్నమాట’ అన్నాడు. అది ఘంట మోగిస్తూ ఆడే ఒడియా నృత్యం, నిజానికి రెండింటికీ పోలిక తక్కువ. నేను మాత్రం కాదనలేదు.

అలాగే బుర్రకథ అయితే కథ పేరు రాయండి. కోలాటమైతే ఎంతమంది, ఆడవాళ్లా పిల్లలా అన్నది. సాము గరిడీ అయితే కర్రలా కత్తులా అన్నది తప్పకుండా. కత్తులంటే నేనైతే చెక్కవే తెమ్మంటాను. నిజమైన కత్తులు వీధిలో తిప్పుతామంటే స్టేషన్‌కూ టెన్షన్, మనకూ టెన్షన్.

ఇవి కాక తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, ఊరేగింపు దారి మలుపు మలుపుకూ, ఎంతమంది రావచ్చో నిజమైన అంచనా, మైకు పెట్టెలెన్ని, వాలంటీర్ల పేర్లు, బాధ్యత వహించే ముగ్గురి ఫోన్ నంబర్లు. గుడి ట్రస్టు కింద ఉంటే ట్రస్టు సమ్మతి పత్రం. దారిని చేత్తో గీసిన చిన్న పటం జత చేస్తే అధికారులు ఇష్టపడతారు. మా పటంలో ఆసుపత్రిని, బడిని ఎర్ర సిరాతో గుర్తు పెడతాం, వాళ్లు వెతుక్కోకుండా.

జనం సంఖ్య తక్కువ చేసి రాస్తే అనుమతి తేలిగ్గా వస్తుందట కదా?

రావచ్చు. కానీ ఆ పని చేయకండి. 2025 నవంబర్ 1న మనకు దగ్గరే, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరుడి గుడిలో ఏకాదశి నాడు తొక్కిసలాట జరిగి భక్తులు చనిపోయారు. అంత జనం వస్తారని తమకు ముందుగా చెప్పలేదని అక్కడి అధికారులు అన్నారు. మన వైపు నుంచి చూస్తే, మూడు వందలని రాసిన చోటికి మూడు వేలమంది వచ్చాక ఏదైనా జరిగితే, ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడే మొదటి ముద్దాయి. ఎక్కువ రాస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు అదనంగా వస్తారు. నష్టమేముంది?

ఎన్ని రోజుల ముందు పెట్టాలి?

మామూలు నెలల్లో పదిహేను రోజులు చాలు. చైత్రంలో అయితే నెల ముందే పెట్టండి. గంజాం జిల్లా పోలీసులకు చైత్రమంటే ఊపిరాడదు. తారాతారిణి అమ్మవార్ల కొండ దగ్గర మంగళవారాల మేళా, ఊరూరా దండనాట (మొక్కుబడి వ్రత నాట్యం) బృందాలు విషువ సంక్రాంతి (మేష సంక్రాంతి) దాకా, శ్రీరామనవమి, రెండేళ్లకోసారి బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర. ఠాకురాణి దేశీ బెహరా వీధిలో పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు ఊరు నిద్రపోదు. ఆ వారాల్లో మన చిన్న గుడి బుర్రకథకు బందోబస్తు అడిగితే ఎవరైనా విసుక్కుంటారు. వీలైతే తేదీ అటూ ఇటూ జరుపుకోండి. తిథి మారదంటారా, ఘటం తిథి నాడే తిప్పి, ప్రదర్శన మాత్రం వారం తర్వాత పెట్టుకోండి. మేం రెండుసార్లు అలాగే చేశాం, అమ్మవారికి కోపం రాలేదు.

రాత్రి పది దాటితే ఏమవుతుంది?

అందరూ అడిగేది ఇదే. మన కళలన్నీ రాత్రివే కదా. భోజనాలై, పిల్లలు పడుకున్నాక, తొమ్మిదింటికి మొదలై తెల్లవార్లూ సాగిన తూర్పు భాగోతాలు మా తాతల కాలంలో మామూలే. ఇప్పుడు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. మైకు పెట్టాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కూడదు. హాలు లోపల, ఆ హాలుకే వినపడేలా అయితే వేరు.

మినహాయింపు ఒకటుంది. సాంస్కృతిక, మతపరమైన పండగలకు రాత్రి 10 నుంచి 12 దాకా అనుమతించవచ్చు, ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 15 రోజులు మీ గుడి లెక్క కాదు. రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించే రోజులు. స్టేషన్ అధికారి ‘సరే, పదకొండు దాకా కానివ్వండి’ అని నోటితో అంటే అది ఆయన మంచితనమే గానీ అనుమతి కాదు. ఎవరైనా పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే ఆయనే వచ్చి ఆపాలి. 10 తర్వాత మైకు ఉంటుందా లేదా అన్నది ప్రభుత్వ ఉత్తర్వులో మీ పండగ రోజు ఉందా లేదా చూసుకుని తేల్చుకోండి.

మైకు లేకుండా డప్పులు మాత్రం వాయిస్తే?

2010లో సవరించాక ఆ రాత్రి నిషేధం వాద్యాలకూ వర్తిస్తుంది. డప్పు, తప్పెట, తాసా, ఏదైనా. పగటిపూట మోగించుకోండి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. మా ఘటం దారిలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడికి రాగానే డప్పులు ఆపి, ఆ మలుపు దాటేదాకా ఆడవాళ్లు నోటితో పాట పాడతారు. మొదట్లో పోలీసులు పెట్టిన షరతు అది. ఇప్పుడు ఆ మలుపు దగ్గర పాట వినడానికే వచ్చి నిలబడేవాళ్లున్నారు.

మొక్కు తీర్చుకోవడానికి పులి వేషం వేసేవాడు కూడా అనుమతి తీసుకోవాలా?

ఒక్కడు వేషం వేసుకుని గుడికి నడిచి వెళ్తే అక్కర్లేదు. ఠాకురాణి యాత్రలో ఎంతమంది వేషాలు కడతారు, ఒక్కొక్కరూ కాగితం పట్టుకుని తిరుగుతారా! ఒంటికి పసుపూ నలుపూ చారలు పూసుకుని, తోక కట్టుకుని, వెనక వాద్యంతో పదిమంది బృందంగా కూడళ్లలో ఆగి ఆడితే మాత్రం అది ప్రదర్శనే. కమిటీ దరఖాస్తులో బృందం పేరు చేర్చండి. ఎక్కడ ఆగుతారో, ఎంతసేపు ఆగుతారో రాయండి. షాపుల ముందు నిలబడి బలవంతంగా డబ్బులడిగే బృందాల వల్ల అసలైన మొక్కుబడి వేషాలకు కూడా చెడ్డపేరు వస్తోంది. మా పులులకు మేం ముందే చెప్తాం, ఇస్తే తీసుకోండి, గుర్రుమనకండి అని.

రికార్డింగ్ డాన్స్‌కు అనుమతి ఇస్తారా?

ఆ పేరుతో అడగరు, ఎవరూ ఇవ్వరు. ‘మెలోడీ’ అని, ‘డాన్స్ బేబీ డాన్స్’ అని రాసి తెచ్చుకుంటారు. బహిరంగంగా అశ్లీల చేష్టలు, పాటలు భారతీయ న్యాయ సంహిత 296 కింద నేరం, మూడు నెలల దాకా జైలు. తమిళనాడులో గుడి పండగల్లో ‘ఆడల్ పాడల్’ (ఆటపాటల కార్యక్రమం) పెట్టడానికి మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ దాకా వెళ్లిన కమిటీలు ఎన్నో. అక్కడ కూడా అశ్లీలం ఉండకూడదు, కులాన్నీ పార్టీనీ పొగిడే పాటలు ఉండకూడదు అనే షరతుల మీదే అనుమతి. నా మాట అడిగితే, ఆ ఖర్చుతో మంచి హరిదాసును పిలిపించుకోవచ్చు. కుర్రాళ్లు నన్ను ముసలాడంటారు, అననివ్వండి.

ప్రదర్శనలో పాములు, జంతువులు వాడొచ్చా?

వద్దు. పాములను ఆడించడం వన్యప్రాణి చట్టంతో పెట్టుకోవడమే. 2024 నవంబర్లో మన గంజాం జిల్లాలోనే, హింజిలి దగ్గర ఒక పల్లె నాటకంలో రాక్షస పాత్రధారి వేదిక మీదే పంది పొట్ట చీల్చి పచ్చిమాంసం తిన్నాడని అరెస్టయ్యాడు. నిర్వాహకుల్లో ఒకరినీ పట్టుకున్నారు. వేషగాడు ఆవేశంలో చేశాడన్నా కమిటీ తప్పించుకోలేదని తెలిసింది కదా. బృందంతో ముందే మాట్లాడుకోండి.

ఇచ్ఛాపురం అవతల నుంచి బృందం వస్తే ఇబ్బందా?

ఇబ్బంది లేదు. కళాకారులకు రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీత పడింది గానీ, తప్పెటగుళ్లు ఆ గీతకు ఇటూ అటూ మోగుతూనే ఉన్నాయి. బృందంలో అందరి పేర్లు, ఆధార్ నకళ్లు, వ్యాను నంబరు స్టేషన్‌కు ముందే ఇవ్వండి. ఎక్కడ పడుకుంటారో కూడా రాయండి. రాత్రి పూట తిరిగి వెళ్తుంటే దారిలో చూపించడానికి మీ అనుమతి పత్రం నకలు ఒకటి డ్రైవర్ చేతిలో ఉంచండి. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో అయితే వ్యాన్లను ఆపి చూస్తారు. వేదిక మీద నాయకుల ఫోటోలు, పొగడ్తలు అప్పుడు అసలే వద్దు.

బాణాసంచా, ఎత్తైన బొమ్మల సంగతి?

బాణాసంచాకు మామూలు ప్రదర్శన అనుమతి చాలదు, విడిగా తీసుకోవాలి. 2016 ఏప్రిల్‌లో కేరళలోని పుట్టింగల్ గుడిలో జిల్లా అధికారులు పోటీ బాణాసంచా వద్దన్నా కాల్చారు, వందమందికి పైగా చనిపోయారు. ఎత్తైన బొమ్మలు, రథాలు వీధిలోకి తెచ్చేముందు కరెంటు తీగల ఎత్తు కొలిపించండి. ఆ దారిలో ఆ గంటకు కరెంటు ఆపమని రాసి ఇవ్వండి. 2022లో తంజావూరు దగ్గర కళిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి పదకొండు మంది పోయారు.

ఒకే గుడికి రెండు కమిటీలుంటే?

అయ్యో, ఇది వద్దు. రెండు వర్గాలు వేర్వేరుగా దరఖాస్తు పెడితే స్టేషన్‌కు కనిపించేది కళ కాదు, కొట్లాట. రెండూ పక్కన పెట్టేస్తారు. శాంతి కమిటీ సమావేశానికి పిలిస్తే ఇద్దరూ వెళ్లండి. ముందు రోజు మీదీ, మర్నాడు మాదీ అని రాసుకుని ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. మా వీధిలో ఈ గొడవ నాలుగేళ్లు నడిచింది. చివరికి ఇద్దరు కార్యదర్శుల పిల్లలు పెళ్లి చేసుకుని తీర్చారు. అందరికీ ఆ దారి దొరకదనుకోండి.

‘అనుమతి ఇవ్వం’ అని పోలీసులు అంటే ఏం చేయాలి?

కారణం రాతలో అడగండి. నోటితో ‘కాదు’ అంటే మీరు ఎక్కడికీ వెళ్లలేరు. అందిన ముద్ర ఉన్న మీ దరఖాస్తు నకలు, వాళ్లు రాసిన కారణం పట్టుకుని ఎస్పీని, కలెక్టర్‌ను కలవండి. చాలాసార్లు దారి మార్చుకుంటామనో, గంట తగ్గిస్తామనో అంటే అక్కడే తేలిపోతుంది. అప్పటికీ కాకపోతే కటక్‌లోని ఒడిశా హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయొచ్చు. వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గానీ ఇష్టం వచ్చినట్టు పూర్తిగా కాదనకూడదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పండగ ఎల్లుండి అనగా వకీలు దగ్గరికి పరిగెత్తితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నెల ముందు పెట్టమన్నది ఇందుకు కూడా.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. ఇవే వర్తిస్తాయా?

శబ్ద నిబంధనలు, న్యాయ సంహిత దేశమంతా ఒకటే. పోలీసు చట్టం మాత్రం వేరు, అక్కడ 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం. దరఖాస్తు మరాఠీలో ఇవ్వండి.

ప్రదర్శన మధ్యలో వచ్చి ఆపేయమంటే?

ఆపండి. వేదిక మీద నుంచి మైకులో పోలీసులను తిట్టకండి, జనాన్ని రెచ్చగొట్టకండి. అనుమతి పత్రం చూపించండి. తప్పు వాళ్లదైతే మర్నాడు మాట్లాడుకోవచ్చు.

ఒక ఏడాది మా హరికథ ఆలస్యంగా మొదలైంది, కరెంటు పోయి గంటన్నర పోయింది. రుక్మిణీ కల్యాణం. పది దాటింది. రుక్మిణి లేఖ రాసి అగ్నిద్యోతనుడి చేతికిస్తోంది. సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది. కానిస్టేబుల్ నా దగ్గరికొచ్చి గడియారం చూపించాడు. వాదించడానికి నాకు మొహం లేదు, కాగితం మీద పది అనే ఉంది, రాసింది నేనే. వెళ్లి మైకు తీగ పీకాను. హరిదాసు గారు ఒక్క క్షణం ఆగి, మృదంగం ఆయన్ని ఆగమని సైగ చేసి, చిడతలు పక్కన పెట్టి, వేదిక దిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. మిగతా కథ మామూలు గొంతుతో చెప్పారు. వెనక చాపల మీదున్న ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని ముందుకు జరిగారు. కానిస్టేబుల్‌కు తెలుగు రాదు. కృష్ణుడు రథం ఎక్కించుకునే దాకా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు.